దారిచూపినోళ్ళ ఇంటికి పిలుపు

పెదనాయన పోయాడని ఆయన కొడుకు, మా అన్న, ఫోను చేసినప్పుడు నేను పెనం మీద దోసె తిప్పుతున్నాను. పుత్తూరు బస్టాండు దగ్గర మాది చిన్న టిఫిన్ సెంటరు. పొద్దున పూట రద్దీలో ఫోను ఎత్తే అలవాటు నాకు లేదు, ఆ రోజు ఎందుకో ఎత్తాను. "పాపా, నాయన పోయినాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడు. అంతే" అన్నాడు అన్న. ఏం అడగాలో తోచక "కాఫీ మొత్తం తాగినాడా?" అని అడిగాను. "తాగినాడు" అన్నాడు. అది విన్నాక కొంచెం తెరిపిగా అనిపించింది. గ్లాసులో చుక్క వదిలే మనిషి కాదు ఆయన.

ఆయన మా నాయనకు అన్న. చంద్రగిరి పక్కనే ఆయన ఊరు. పగలు చెనక్కాయ చేలో పని, సాయంత్రమైతే బుర్రకథ. ఎనభై దాటాక కూడా మంచాన పడకుండా, ఒకరి చేత చేయించుకోకుండా వెళ్ళిపోయాడు. ఏడ్చాను, అబద్ధం ఎందుకు. కానీ బస్సు రేణిగుంట దాటేసరికి ఆయన మాటలు గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. పక్క సీటామె నా వైపు అనుమానంగా చూసి కిటికీ వైపు జరిగింది. ఆమెను తప్పు పట్టలేను.

పోయినవాళ్ళను దేవుళ్ళను చేసి మాట్లాడటం మనకు అలవాటు. మా పెదనాయన విషయంలో ఆ పని చేస్తే ముందు ఆయనకే ఒళ్ళు మండుతుంది. ఆయన కోపిష్టి. మీసానికి రంగు వేసుకునేవాడు, వేసుకోలేదని బుకాయించేవాడు. గొంతు పాడవుతుందని ఎండాకాలంలో కూడా చల్లనీళ్ళు ముట్టేవాడు కాదు, మమ్మల్నీ ముట్టనిచ్చేవాడు కాదు. పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీము పంచే చోట కుర్చీ వేసుకొని మాకు కాపలా కూర్చునేవాడు. ఎప్పుడు చూసినా బుగ్గన మిరియాలూ తాటిబెల్లం. బస్సులో తంబురను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను నిలబడేవాడు. ఎవరైనా ఇదేమని అడిగితే, "మా ఇంట్లో పెద్దది, దానికి వాంతులైతాయి" అని ముఖంలో నవ్వు లేకుండా చెప్పేవాడు.

మైకు అంటే ఆయనకు పడేది కాదు. "మైకు ముందర అందురూ గొప్పోళ్ళే పాపా. కరెంటు పోయినాక ఎవురు పాడతారో అప్పుడు సూడు" అనేవాడు. నిజంగానే కరెంటు పోతే ఆయనకు పండగ. గజ్జెల కాళ్ళతో ఒక్క అడుగు ముందుకు వేసి, గొంతు పెంచి, చిట్టచివరి వరుస వాళ్ళను లేపి కూర్చోబెట్టేవాడు.

నేను ఆ దళంలో చేరడం కూడా ఒక తమాషా. బుర్రకథలో నడుమ తంబుర పట్టి కథ చెప్పేది ఒకరు, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు కథను ఆపి ప్రశ్నలు అడుగుతారు, ఒకరు నవ్విస్తారు. ప్రశ్నలు అడిగేది మా అన్న, పెదనాయన కొడుకు. నవ్వించేది మా మేనమామ. ఆయన మోటారు సైకిలు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరుకు తీసుకొచ్చి కట్టు కట్టించారు గానీ, కట్టు చేత్తో గుమ్మెట ఎలా వాయిస్తాడు. అప్పటికి నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నాను. పెదనాయన వచ్చి, "నీకు నోరు యాలాగూ ఊరుకోదు గదా, చేతులు కూడా ఆడించు" అన్నాడు. ఆడపిల్ల వీధిలో నిలబడి జోకులు వేయడమేమిటని బంధువులందరూ ఇంటి మీదికొచ్చారు. "నవ్విచ్చేదానికి మీసాలెందుకప్పా?" అని ఆయన వాళ్ళ మీద ఎగిరాడు. అలా నా చదువు గుమ్మెట మీదికి మళ్ళింది. ఇవాళ టిఫిన్ సెంటర్లో నా దోసెల కంటే నా మాటలకే జనం వస్తారని మా ఆయన ఏడిపిస్తుంటాడు. అది పెదనాయన పెట్టిన భిక్ష.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఎక్కడ నవ్వించాలన్నది కాదు, ఎందుకు నవ్వించాలన్నది. "జనాన్ని ఏడిపిచ్చేది నేను సేస్తా. ఏడ్చినోళ్ళను మళ్ళా ఇంటికి పోయి సంగటి తినేటట్టు సేసేది నీ పని" అన్నాడు. ఇంత బాధ్యత నెత్తిన పెట్టాక జోకు సరిగ్గా పేలకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

మేము చాలా కథలు చెప్పేవాళ్ళం. కానీ మా ఇంట్లో 'పెద్ద కథ' అంటే ఒకటే. మా జిల్లాలోనే ఒక కొండ మీద కోట కట్టుకొని, కుంఫిణీ వాళ్ళు పన్ను కట్టమంటే కట్టనని ఎదురు తిరిగిన ఒక పాలెగాని కథ. ఆయన పేరు గానీ, ఆ కొండ పేరు గానీ ఇక్కడ రాయను. ఎందుకు రాయలేదో చదివితే మీకే తెలుస్తుంది. ఆ ఊళ్ళో అందరూ 'దొర' అంటారు, నేనూ అదే అంటాను.

ఈ దొర సంగతి పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. మా పెద్దల గొంతుల్లో మాత్రం ఉంది. తెల్లవాళ్ళ కాలంలో ఈ కథ చెబితే పట్టుకుపోతారని, పెళ్ళి కథ అని చెప్పి మొదలుపెట్టేవాళ్ళట. కాపలాకు వచ్చిన జవాను కునికే దాకా పెళ్ళికూతురి నగలు వర్ణించి, వాడి తల వాలగానే కోటలోకి దూరేవాళ్ళట. ఇప్పటికీ మా పెద్ద కథ మొదట్లో ఆ పెళ్ళికూతురి వర్ణన అతుకేసినట్టు ఉంటుంది. కథకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. తీసేద్దామని అన్న ఒకసారి అంటే పెదనాయన ఒప్పుకోలేదు. "అది పెండ్లికూతురు కాదురా, మనోళ్ళ బయం. అది కూడా కథలో ఉండాల్సిందే" అన్నాడు. ఒక్క మాట తీయడానికి గానీ, చేర్చడానికి గానీ ఆయనకు చేతులు వచ్చేవి కావు. కథ మనది కాదు, మోసుకుపోయేవాళ్ళమే మనం, అనేవాడు.

చంద్రగిరి కోట చూడటానికి చుట్టాలు వస్తే ఆయనే తీసుకెళ్ళేవాడు. రాజమహలు ముందు వాళ్ళు ఫోటోలు దిగుతుంటే పక్కన నిలబడి, "పెద్ద రాజులకు మేడలు మిగిల్నాయి. మా దొరకు నా గొంతు తప్ప ఏముండాది" అనేవాడు. అందులో దిగులు లేదు, గర్వమే ఎక్కువ.

పెద్ద కథను ఏటా ఆగస్టు పదైదున ఆ కొండ కింది ఊళ్ళోనే చెప్పేవాళ్ళం. పొద్దు కుంకక ముందే మొదలుపెట్టి, భోజనాల వేళకు ముగించాలి. పొద్దున బడి దగ్గర జెండా ఎగరేసేటప్పుడు ఎండకు ఓర్వలేక ఆవులించిన మగవాళ్ళే సాయంత్రం దొర మాట వచ్చేసరికి వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ళు. పన్నుకు వచ్చిన తెల్లదొరను మా దొర అడిగే చరణం ఒకటుంది:

వాన చూసి వచ్చినారా, వంక చూసి వచ్చినారా,
ఎండిపోయిన చేలలోన ఎన్ను చూసి వచ్చినారా.

వానలు లేక వంకలు పారని, చేలలో కంకి వేయని సీమలో ఈ మాట ఎవరికైనా తగులుతుంది. దేశభక్తి గురించి చాలామంది వేదికల మీద మాట్లాడగా విన్నాను, సగం మందికి చెమటలు తుడుచుకోవడంతోనే సరిపోతుంది. పెదనాయన ఆ మాటే వాడేవాడు కాదు. ఎండిపోయిన చేను గుర్తుచేసేవాడు. జనం మిగతాది వాళ్ళే పూరించుకునేవాళ్ళు.

ఆ కథలో ఒక ఘట్టం ఉంది. దొరను ఎదురుగా గెలవలేక తెల్లవాళ్ళు కొండ కింద డేరాలు వేసుకొని కూర్చుంటారు. కొండకు వెనక వైపు గొర్రెలు ఎక్కే సన్నని దారి ఒకటి ఉంది. దాన్ని వాళ్ళకు చూపించినవాడు ఆ ఊరివాడే. అక్కడికి రాగానే మా అన్న గుమ్మెట ఆపి, "ఆ దారి చూపినవాడెవడయ్యా?" అని అడుగుతాడు. పెదనాయన వాడి పేరు చెబుతాడు. పేరు వినబడగానే జనమంతా, చిన్నా పెద్దా, గుప్పెడు దుమ్ము తీసి ముందుకు విసురుతారు. అది ఆ ఊరి ఆచారం. ఆడవాళ్ళు చాప అంచు ఎత్తి మరీ మట్టి తీస్తారు. ఊళ్ళో సిమెంటు రోడ్డు వేశాక, ఆ పూట కోసం ఒక ట్రాక్టరు మన్ను తెప్పించి వీధిలో పోయిస్తున్నారు. ముందు నిలబడేది మేమే కాబట్టి ఆ దుమ్మంతా తినేదీ మేమే. దగ్గుతూ దగ్గుతూ నేను నవ్వించాలి.

దారి చూపినవాడి వంశం వాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారు. 'దారిచూపినోళ్ళు' అనే అంటారు. మొన్న పెదనాయనను సాగనంపడానికి ఆ ఊరి నుంచి వ్యాను కట్టించుకొని వచ్చినవాళ్ళలో ఆ ఇంటి మనిషి కూడా ఉన్నాడు. అతన్ని చూశాకే ఇదంతా రాయాలనిపించింది.

ఏడాదంతా ఆ ఇంటివాళ్ళు అందరిలో కలిసే ఉంటారు. పెళ్ళిళ్ళకు పోతారు, కలుపు తీతకు పోతారు, నీళ్ళ కుళాయి దగ్గర అందరితో సమానంగా పోట్లాడతారు. కథ జరిగే పూట మాత్రం తలుపులు వేసుకొని లోపల ఉండిపోతారు. వెలి అని ఎవరూ అనరు. వాళ్ళకు పిలుపు ఉండదు, అంతే. పిలుపు అంటే, ఊళ్ళో అడుగుపెట్టగానే తంబుర భుజాన వేసుకొని ప్రతి వాకిట్లో నిలబడి, "మాపటికి దొర కథ ఉండాది, ఇంటిల్లిపాదీ రావాల" అని చెప్పాలి. పిలవకుండా కథకు వస్తే దొరకు అవమానమని ఊరి నమ్మకం. ఆ ఇల్లున్న సందు మొదట్లోకి రాగానే మేము గజ్జెలు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకొని పక్క వీధిలోకి తిరిగిపోయేవాళ్ళం. మా అబ్బ అలాగే తిరిగాడు, ఆయన కొడుకు పెదనాయనా అలాగే తిరిగాడు.

ఒక ఏడు మేము ఊరి బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే ఆ ఇంటి అవ్వ వచ్చింది. సన్నగా, కర్రలాగా నిటారుగా ఉండేది.

"బాగుండావా అప్పా?" అంది.

"బాగుండాను అవ్వా."

"మా మనవడు పట్టాళంలో చేరినాడు. యాడనో మంచులో ఉండాడంట." కొంగులో చుట్టుకున్న సెల్‌ఫోను తీసి మాకు ఫోటో చూపించింది. తలకంటే టోపీ పెద్దదిగా ఉందని నేను అంటే నవ్వింది. తర్వాత ఫోను మళ్ళీ కొంగులో చుట్టుకొని, "ఈ తూరి మా సంగతి కొంచెం సూడప్పా" అని వెళ్ళిపోయింది. అంతకు మించి ఒక్క మాట అడగలేదు.

ఆ మధ్యాహ్నం పెదనాయన సంగటి ముద్ద ముందు పెట్టుకొని తినకుండా కూర్చున్నాడు. "పేరు పాడొద్దంటాండాది ఆ యమ్మ" అన్నాడు. నేను తీసేయమన్నాను. ఎప్పుడో పోయినవాడి పేరు పట్టుకొని ఉన్నవాళ్ళను ఎందుకు ఏడిపించాలన్నాను. అన్న ఒప్పుకోలేదు. "ఇయ్యాల వాని పేరు తీస్తే రేపు దొర పేరే తీయమంటారు" అన్నాడు. మేమిద్దరం గొంతులు పెంచుకుంటుంటే ఆయన ఇద్దరినీ గమ్మునుండమన్నాడు. పెళ్ళికూతురి నగ ఒక్కటి తీయనివ్వని మనిషికి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

సాయంత్రం అన్న ఎప్పటిలాగే అడిగాడు, దారి చూపినవాడెవడయ్యా అని. పెదనాయన నోరు తెరవలేదు. గుమ్మెటలు వాయించమని మాకు సైగ చేశాడు. ఇద్దరం వాయించాం. జనం గుప్పిట్లో దుమ్ము పట్టుకొని పేరు కోసం ఎదురుచూశారు. పేరు రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు తలలు తిప్పి ఆ సందు వైపు, ఆ మూసిన తలుపు వైపు చూశారు. ఎవరో అటువైపు దుమ్ము విసిరారు. దాంతో అందరూ అటే విసిరారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా జరగలేదు.

మరుసటి పొద్దున మేము బస్సు కోసం నిలబడి ఉంటే అవ్వ వచ్చింది. ముఖం కోపంతో ఎర్రగా ఉంది.

"నేనేమడిగితి, నువ్వేం సేస్తివప్పా? నీ కథలో వాని పేరున్నన్ని దినాలు వాడొక్కడే దొంగ. నువ్వు పేరు మింగితివి, మేమందురం దొంగలైపోతిమి."

పెదనాయన అంతటి నోరున్న మనిషి, తంబుర పట్టుకొని తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు. "మరి నువ్వడిగిందేందవ్వా?" అన్నాడు మెల్లగా.

"మా వాకిట్లో నిలబడి ఒక పిలుపు పిలవమని. దొర మీకేనా, మాకు దొర కాదా? మా ఇంట్లో పుట్టినోడు దేశానికి కావిలి కాస్తాండాడు. నేను మాత్రం తలుపేసుకొని గోడకు చెవి పెట్టుకొని దొర కథ వినాల్నా?"

బస్సు వచ్చి మా ముందర ఆగి వెళ్ళిపోయింది. మేము ఎక్కలేదు. "తప్పైపోయింది తల్లీ" అన్నాడు పెదనాయన. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. తర్వాతి బస్సులో చాలా దూరం పోయాక, ఎవరితోనూ కాకుండా, "మా నాయన ఆ సందులోకి పోలేదు. నేనూ పోలేదు. పోవద్దని మాకు సెప్పినోళ్ళెవురో మాత్రం తెలీదు" అన్నాడు.

ఏడాది గడిచింది. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాం. పిలుపు పిలుస్తూ పిలుస్తూ ఆ సందు మొదటికి వచ్చాం. అన్నా నేనూ అలవాటుగా వంగి గజ్జెలు పట్టుకున్నాం. పెదనాయన పట్టుకోలేదు. గజ్జెలు గల్లుమంటుండగా నేరుగా సందులోకి నడిచాడు. వెనక నుంచి ఊరిపెద్ద పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఏమప్పా, ఆ పక్కకు యాడికి?"

"పిలుపుకు."

"ఆ ఇంటికి ఎప్పుడూ లేదు గదా. దొరకు కోపమొస్తాది."

"వస్తే నా మింద రానీ. ఆయప్ప ఇన్ని దినాలు బతికుండేది నా నోట్లోనే."

"అట్టయితే మాపటికి కథ జరిగేది లేదు. మళ్ళా ఈ ఊరి పక్కకు రాబాకండి."

ఆ ఊళ్ళో చెప్పకపోతే పెద్ద కథను ఇంకెక్కడ చెబుతాం. దొరను తమ ఇంటివాడిగా తలుచుకునే ఊరు అదొక్కటే. పెదనాయన భుజం మీద తంబుర సర్దుకున్నాడు. "జరక్కపోతే ఈ వాకిట్లోనే సెప్పుకొని పోతాం లేప్పా" అని, తలుపు ముందు నిలబడి, తంబుర ఒకసారి మీటి, అన్ని ఇళ్ళ ముందూ అన్న మాటనే అన్నాడు. "మాపటికి దొర కథ ఉండాది, ఇంటిల్లిపాదీ రావాల."

తలుపు తీసుకొని అవ్వ బయటికి వచ్చింది. చేతిలో చెరుగుతున్న బియ్యం చేట అలాగే ఉంది. ఆమె ఏడుస్తుందేమో, ఆయన కాళ్ళ మీద పడుతుందేమో అని నేను భయపడ్డాను. ఆమె అవేమీ చేయలేదు. పక్కింటామె ఎలా అందో అలాగే, "వస్తాంలేప్పా" అని బియ్యం చెరుగుతూ లోపలికి పోయింది. ఊరిపెద్ద సణుక్కుంటూ మా వెనకే వచ్చాడు గానీ, కథ జరగదని మళ్ళీ అనలేదు.

సాయంత్రం వీధి నిండిపోయింది. ఊరిపెద్ద కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గొడవ చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ, నాకు తెలుసు. అవ్వ ఉతికిన చీర కట్టుకొని, తలకు నూనె రాసుకొని, కోడలిని వెంట పెట్టుకొని వచ్చింది. ఆడవాళ్ళ చాపల దగ్గర నిలబడింది. ఎవరూ జరగలేదు. కొంతసేపటికి ఒకామె తన పక్కన కూర్చున్న బిడ్డను ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఖాళీలో అవ్వ కూర్చుంది.

ఆ రోజు నా హాస్యం చప్పగా ఉంది. నా జోకులకు నేనే నవ్వుకోవలసి వచ్చింది. పెళ్ళికూతురి నగలు అయిపోయాయి, కోట వచ్చింది, వాన చూసి వచ్చినారా అని దొర అడగడమూ అయింది. తెల్లవాళ్ళు డేరాలు వేశారు. అన్న గుమ్మెట ఆపి, గొంతు సవరించుకొని, "ఆ దారి చూపినవాడెవడయ్యా?" అని అడిగాడు.

పెదనాయన పేరు చెప్పాడు. మింగలేదు, తగ్గించలేదు. మా అబ్బ ఎలా చెప్పేవాడో అలాగే, ఇంటి పేరుతో సహా, చిట్టచివరి వరుసకు వినబడేలా చెప్పాడు.

ఒక్కరు కూడా దుమ్ము విసరలేదు. అందరి గుప్పిళ్ళూ బిగిసే ఉన్నాయి. అందరి కళ్ళూ అవ్వ మీదే ఉన్నాయి.

అవ్వ వంగి చాప అంచు ఎత్తింది. కింద నుంచి గుప్పెడు మన్ను తీసింది. కూర్చున్న చోటు నుంచే, ఉన్న బలమంతా పెట్టి ముందుకు విసిరింది. అది వచ్చి పెదనాయన మీసాల మీద పడింది. మరుక్షణం వీధి వీధంతా దుమ్ము లేచింది. నేను అంతగా ఎప్పుడూ దగ్గలేదు.

దుమ్ము అణిగేసరికి పెదనాయన కదలకుండా నిలబడి ఉన్నాడు. తంబుర మీద వేళ్ళు ఉన్నాయి గానీ మీటడం లేదు. కథలో ఆయన మాట మరిచిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అన్న పక్క నుంచి అందించబోయాడు. అంతలో చాప మీద నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఆగినావేందప్పా? కానీ. దొరను ఆడ ఒంటిగా నిలబెట్టినావు."

పెదనాయన తంబుర మీటాడు. కొండ వెనక దారిలో తెల్లవాళ్ళు ఎక్కారు. దొరను పట్టుకున్నారు. కోట వాకిట్లో ఉరికంబం నాటారు. ఆ ఘట్టంలో ఆయన గొంతు ఎలా ఉండేదో నేను రాయలేను, విన్నవాళ్ళకే తెలుసు. ఆడవాళ్ళందరూ ఏడవడం మొదలుపెట్టారు. వాళ్ళ నడుమ అవ్వ కూడా దొర కోసం బయటికే ఏడ్చింది. చేతికి మన్ను అంటుకొని ఉన్న సంగతి మరిచిపోయి ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. బుగ్గల మీద బురద చారలతో, నోరు కొంచెం తెరుచుకొని, తర్వాతి మాట కోసం పెదనాయన వైపే చూస్తూ కూర్చుంది.